ఖరగ్‌పూర్: ఐఐటీలో చదవని వాళ్లు ఐఐటీ టీషర్టు వేసుకుంటే తప్పేంటి?

ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో సాయంత్రం పూట కాసేపు నిలబడితే ఛాతీ మీద ‘ఐఐటీ ఖరగ్‌పూర్’ అని రాసి ఉన్న టీషర్టులు కనిపిస్తాయి. చలికాలం వస్తే అదే పేరు హుడీల మీదికి ఎక్కుతుంది. అవి వేసుకున్న వాళ్లంతా ఐఐటీ విద్యార్థులు కారు. కొందరికి చుట్టమో స్నేహితుడో కొనిచ్చి ఉంటారు. కొందరు దుకాణంలో కొనుక్కుని ఉంటారు. కొందరికి అది కేవలం చలికి పనికొచ్చే బట్ట.

అయినా ఈ చొక్కా చూస్తే ఒక ప్రశ్న లేస్తుంది. “నువ్వు అక్కడ చదువుతున్నావా?” అని. “లేదు” అన్న జవాబు రాగానే, అడిగిన వాళ్ల ముఖంలో చిన్న నవ్వు. చదవని బడి చొక్కా వేసుకోవడం దొంగతనం కాదు. కానీ ఏదో దొంగిలించినట్టే చూస్తారు.

ఈ చూపు ఎందుకొస్తుంది? అందులో న్యాయం ఎంత? ఈ ప్రశ్నలకు ఖరగ్‌పూర్ మంచి చోటు. తెలుగువాళ్లకు మరీ మంచి చోటు.

ఒకే ఊరు, రెండు గుర్తింపులు

ఖరగ్‌పూర్ ముందు రైల్వే ఊరు. ఆ తర్వాతే ఐఐటీ ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ పెద్ద జంక్షన్, వర్క్‌షాపు కట్టింది. ఆ రైల్వే లైను వాల్తేరు దాకా ఉండేది. అందుకే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వేలమంది తెలుగువాళ్లు పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చారు. ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, గ్యాంగ్‌మెన్లుగా, గుమాస్తాలుగా కుదురుకున్నారు. 1920ల్లో ఆ రైల్వే కార్మికుల పోరాటాలకు నాయకత్వం వహించిన వారిలో, తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఒకరు.

ఐఐటీ చరిత్ర వేరు. బ్రిటిష్ ప్రభుత్వం స్వాతంత్ర్య యోధులను బంధించిన హిజ్లీ నిర్బంధ శిబిరంలో అది మొదలైంది. 1931 సెప్టెంబర్ 16న ఆ శిబిరంలో పోలీసులు జరిపిన కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. అదే భవనంలో 1951లో 224 మంది విద్యార్థులతో దేశంలోని తొలి ఐఐటీ తరగతులు నడిచాయి. ఆ ఏడాది ఆగస్టు 18న మౌలానా ఆజాద్ దాన్ని ప్రారంభించారు. ఇప్పుడు ఆ ప్రాంగణం సుమారు 2,100 ఎకరాలు.

ఈ రెండింటికీ మధ్య దూరం ఆటోలో కొద్ది నిమిషాలే. కానీ బతుకులో చాలా ఎక్కువ. రైల్వే కాలనీల్లో ఒకప్పుడు గౌరవం అంటే యూనిఫాం. టీసీ నల్ల కోటు, స్టేషన్ మాస్టరు తెల్ల బట్టలు, పోర్టరు ఎర్ర చొక్కా. ఎవరి బట్ట వాళ్ల ఉద్యోగాన్ని చెప్పేది. తండ్రి తర్వాత కొడుకు కూడా రైల్వేలో చేరతాడని ఇంట్లో నమ్మకం ఉండేది. ఇప్పుడు ఆ నమ్మకం సన్నగిల్లింది. ఒక్కో రైల్వే నోటిఫికేషన్‌కు లక్షల్లో, కొన్నిసార్లు కోటికి పైగా దరఖాస్తులు వస్తున్నాయి. రైల్వే యూనిఫాం దొరకని తరానికి, ఊళ్లో గౌరవం తెచ్చే ఇంకో బట్ట ఏముంది? ఐఐటీ టీషర్టే.

చట్టం ఏం చెబుతోంది?

మొదట నేరం సంగతి తేల్చుకుందాం. ఎవరి బట్ట ఎవరు వేసుకోవాలో చెప్పే చట్టం మన దగ్గర ఉంది. కానీ అది అధికారం ఉన్న బట్టల గురించి. ప్రభుత్వోద్యోగి కాని వ్యక్తి, తాను ఆ ఉద్యోగినే అని జనం నమ్మాలన్న ఉద్దేశంతో ఆ దుస్తులు వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 205వ సెక్షన్ కింద నేరం. 3 నెలల దాకా జైలు, 5 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. సైనికుల దుస్తులకు వేరే సెక్షన్ ఉంది. నకిలీ టీసీ నల్ల కోటు వేసుకుని బోగీలో డబ్బులు వసూలు చేస్తే ఎందుకు పట్టుకుంటారో అందరికీ తెలుసు. ఆ కోటుకు జరిమానా రాసే అధికారం ఉంది.

ఐఐటీ టీషర్టుకు అలాంటి అధికారం ఏదీ లేదు. అది యూనిఫాం కాదు. ఐఐటీ విద్యార్థులు కూడా దాన్ని తప్పనిసరిగా వేసుకోరు. కాబట్టి దాన్ని వేసుకున్నంత మాత్రాన ఎవరూ నేరస్థులు కారు. సంస్థ పేరు, ముద్ర ట్రేడ్‌మార్క్‌గా నమోదై ఉంటే, అనుమతి లేకుండా వాటిని అచ్చేసి అమ్మేవాళ్ల మీద 1999 ట్రేడ్‌మార్క్ చట్టం కింద చర్య తీసుకోవచ్చు. అది అమ్మేవాడి సమస్య, తొడుక్కున్నవాడిది కాదు.

చొక్కా ఎప్పుడు అబద్ధం అవుతుంది?

నేరం కాదు కాబట్టి తప్పే లేదని అనలేం. టీషర్టుకు అధికారం లేకపోయినా, నమ్మకం ఉంది. గీత అక్కడే గీయాలి.

ఒక కుర్రాడు ఆ టీషర్టు వేసుకుని బజారుకెళ్లి చేపలు కొన్నాడనుకోండి. చేపల ధర మారదు. ఎవరూ నష్టపోరు. అదే కుర్రాడు అదే టీషర్టుతో ఒక ఇంటికి వెళ్లి, “నేను ఐఐటీ స్టూడెంట్‌ని, మీ అమ్మాయికి లెక్కలు చెబుతాను” అన్నాడనుకోండి. ఇప్పుడు ఆ తల్లిదండ్రులు కట్టే ఫీజు, పిల్ల పోగొట్టుకునే ఏడాది ఆ చొక్కా మీద ఆధారపడ్డాయి. అద్దె ఇల్లు, అప్పు, పెళ్లి సంబంధం... ఇవన్నీ అంతే. ఎదుటివాడు తీసుకునే నిర్ణయం ఆ చొక్కాను నమ్మి తీసుకున్నదైతే, ఆ చొక్కా అబద్ధమే. వేరొకరిలా నటించి మోసం చేస్తే న్యాయ సంహిత 319వ సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా శిక్ష ఉంది. అక్కడ కూడా శిక్ష మోసానికే, చొక్కాకు కాదు.

నిజంగా లోపలికి చొరబడిన వాళ్లూ ఉన్నారు. 2025 జూన్‌లో ఐఐటీ బొంబాయి ప్రాంగణంలో విద్యార్థిలా చెలామణి అవుతూ రోజుల తరబడి ఉన్న ఒక యువకుణ్ని పోలీసులు అరెస్టు చేశారు. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఒక యువతి సీటు రాకపోయినా సుమారు 8 నెలలు హాస్టల్ గదుల్లో గడిపింది. ఇలాంటివి ప్రాంగణ భద్రతకు సంబంధించిన విషయాలు. వాటిని ఆపేది గుర్తింపు కార్డు. టీషర్టును చూసి లోపలికి పంపే గేటు ఉంటే, తప్పు గేటుదే.

తోక్యోలో జరిగింది

చదవని బడి బట్టల మీద మోజు మన ఒక్కరిదే కాదు. 1960ల్లో జపాన్ కుర్రాళ్లు అమెరికాలోని హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ విద్యార్థుల్లా బట్టలు వేసుకోవడం మొదలుపెట్టారు. వాళ్లలో చాలామంది అమెరికా ముఖం కూడా చూడలేదు. 1964లో తోక్యో ఒలింపిక్స్‌కు కొద్ది వారాల ముందు, గింజా వీధుల్లో ఇలా తిరుగుతున్న యువకులను పోలీసులు పోగేసి తీసుకుపోయారు. విదేశీయుల ముందు పరువు పోతుందని భయం. ఏడాది తిరిగేసరికి, 1965లో, అదే దేశంలో ‘టేక్ ఐవీ’ అనే ఫొటో పుస్తకం వచ్చింది. ఆ అమెరికన్ విద్యార్థుల బట్టల గురించే ఆ పుస్తకం. తర్వాతి రోజుల్లో అమెరికన్లే దాన్ని వెతుక్కుని కొన్నారు. మొదట సిగ్గుచేటు అన్న బట్ట, చివరికి ఒక పరిశ్రమ అయింది.

ఇవాళ హార్వర్డ్ లాంటి విశ్వవిద్యాలయాలు తమ పేరున్న బట్టలు అమ్ముకోవడానికి లైసెన్సులు ఇస్తున్నాయి. కొనేవాడు అక్కడ చదివాడా అని ఎవరూ అడగరు. విజయవాడలో హార్వర్డ్ టీషర్టు వేసుకున్న కుర్రాణ్ని మనమూ అడగం. ఎందుకంటే అతను అక్కడ చదవలేదని ముందే తెలుసు. ఖరగ్‌పూర్‌లో మాత్రం అడుగుతాం. అక్కడ గేటు పక్కనే ఉంది. చదివే వీలుందేమో అన్న అనుమానం ఉంది. ఆ నవ్వు పుట్టేది ఈ దగ్గరితనం వల్లే.

పేరు అరువు తెచ్చుకున్నది ఎవరు?

టీషర్టు వేసుకున్న కుర్రాణ్ని చూసి నవ్వేముందు తెలుగు రాష్ట్రాల్లో ఒకసారి చుట్టూ చూద్దాం. ‘ఐఐటీ ఫౌండేషన్’, ‘ఐఐటీ ఒలింపియాడ్’ అన్న బోర్డులు ఎన్ని బడుల మీద ఉన్నాయి? ఆరో తరగతి పిల్లాడి బ్యాగు మీద ఐఐటీ అన్న మాట ఎందుకుంది? ఆ బడులకు ఐఐటీలతో ఏ సంబంధమూ లేదు. ఆ పిల్లల్లో చాలామందికి అక్కడ సీటు రాదని లెక్కలే చెబుతాయి. 2024లో జేఈఈ మెయిన్ రాసినవాళ్లు 14 లక్షలకు పైనే. అడ్వాన్స్‌డ్ రాసినవాళ్లు సుమారు లక్షా 80 వేలు. మొత్తం 23 ఐఐటీల్లో ఉన్న సీట్లు 17,740.

గోల్‌బజార్ కుర్రాడు ఐఐటీ పేరు కోసం సొంత డబ్బు ఖర్చు పెట్టాడు. ఈ బడులు అదే పేరు పెట్టి తల్లిదండ్రుల దగ్గర డబ్బు వసూలు చేస్తున్నాయి. కోచింగ్ సంస్థల తప్పుదారి పట్టించే ప్రకటనలను అరికట్టడానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబర్‌లో మార్గదర్శకాలు తేవాల్సి వచ్చింది. ర్యాంకు వచ్చిన విద్యార్థి అసలు ఏ కోర్సు తీసుకున్నాడో దాచిపెట్టకూడదని, అతని లిఖితపూర్వక అనుమతి లేకుండా ఫొటో వాడకూడదని వాటిలో ఉంది. ఎదుటివాళ్ల నిర్ణయం ఆ పేరును నమ్మి జరుగుతోందా అన్నదే కొలత అయితే, ముందు నిలదీయాల్సింది టీషర్టును కాదు, బోర్డును.

గేటు ఎవరికి తెరుచుకుంటుంది?

అసలు ప్రశ్న ఇంకొకటి ఉంది. గేటు పక్కనే పుట్టిన పిల్లలకు ఆ చొక్కా తప్ప ఇంకేం అందుతోంది?

వరంగల్ ఎన్‌ఐటీ అయినా దుర్గాపూర్ ఎన్‌ఐటీ అయినా సగం సీట్లు సొంత రాష్ట్ర కోటా కింద ఉంటాయి. ఐఐటీల్లో అలాంటి కోటా లేదు. అవి దేశమంతటికీ చెందినవి కాబట్టి అది సమర్థించదగిన ఏర్పాటే. కానీ దాని ఫలితం ఏమిటంటే, నింపురా రైల్వే క్వార్టర్లలో పుట్టిన పిల్లకూ, వేల కిలోమీటర్ల దూరంలో ఖరీదైన కోచింగ్‌లో ఉన్న పిల్లకూ ఒకే వరుస.

తెలుగు పిల్లలకు ఇంకో మెలిక ఉంది. 2021 నుంచి జేఈఈ మెయిన్ తెలుగులోనూ రాయొచ్చు. అయితే తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాలకే పరిమితం. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబర్‌లో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. కానీ ఖరగ్‌పూర్ తెలుగు విద్యార్థికి ఈ పరీక్షలో ఆ హోదా పనికి రాలేదు. ఇక అడ్వాన్స్‌డ్ పరీక్ష ఇంగ్లీషు, హిందీల్లో మాత్రమే. గోడ ఒక్క ప్రాంగణం చుట్టూనే లేదు, ప్రశ్నపత్రం చుట్టూ కూడా ఉంది.

చేయగలిగినవి ఉన్నాయి. ఐఐటీ విద్యార్థులే నడిపే గోపాలీ యూత్ వెల్ఫేర్ సొసైటీ, దగ్గరి పల్లెల పిల్లల కోసం జాగృతి విద్యామందిర్ అనే బడిని నిర్వహిస్తోంది. ఇలాంటి ప్రయత్నం రైల్వే కాలనీల బడుల దాకా రావాలి. సెలవుల్లో ల్యాబులు చూపించడం, వారానికో రోజు లెక్కలు, సైన్సు చెప్పడం, ఏ పరీక్షకు ఎప్పుడు దరఖాస్తు చేయాలో చెప్పడం పెద్ద ఖర్చు కాదు. తెలుగు ప్రశ్నపత్రాన్ని ఖరగ్‌పూర్ లాంటి కేంద్రాల్లోనూ ఇవ్వమని అక్కడి తెలుగు సంఘాలు అడగొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు పార్లమెంటులో అడగొచ్చు.

తల్లిదండ్రులు చేయాల్సింది ఇంకా సులువు. ట్యూషన్ మాస్టారు ఏ చొక్కా వేసుకొచ్చాడో చూడొద్దు. గుర్తింపు కార్డు అడగండి. రెండు లెక్కలు చేయించి చూడండి.

ఇక ఆ టీషర్టు మాట. తాత వర్క్‌షాపులో చెమటోడ్చాడు. తండ్రి ఆ ప్రాంగణం ముందు నుంచి రోజూ సైకిలు తొక్కాడు. మనవడు ఆ పేరున్న చొక్కా ఒకటి కొనుక్కున్నాడు. ఊరి పేరు కూడా ఆ చొక్కా మీద ఉంది. ఐఐటీ అన్న మూడక్షరాల మీద అతనికి హక్కు లేకపోవచ్చు. పక్కనే రాసిన ‘ఖరగ్‌పూర్’ మాత్రం అతనిదే.