స్వరాలకూ ఒక రిజిస్టరు కావాలి

బకింగ్‌హాం కాలువకు తూర్పున, సముద్రపు హోరు వినిపించేంత దూరంలో ఉన్న ఒక ఊరి బడికి నిరుడు వెళ్ళాను. అక్కడ ఉర్దూ బోధించే ఉపాధ్యాయుడు ఒక్కరే. ఆయనకు ముందున్నవారు రెండేళ్ళ పాటు ఓపికగా కొన్ని ధ్వనిముద్రణలు సేకరించారని నాకు తెలుసు. వాటిలో కొన్నింటిని పక్కన కూర్చుని చేయించినవాడిని నేనే. అక్షరాలను ఒక్కొక్కటిగా వాటి ఉచ్చారణ స్థానాలతో పలికిన ఒక హాఫిజ్ గారి గొంతు అందులో ఉన్నది. చిన్నతనంలో రొట్టెల పండుగకు బండి కట్టుకొని స్వర్ణాల చెరువుకు వెళ్ళిన సంగతిని ఇంటి ఉర్దూలో చెప్పిన ఒక నానీ గొంతు ఉన్నది. కొత్త ఉపాధ్యాయుని అడిగితే ఆశ్చర్యంగా చూశారు. అటువంటివి ఉన్నట్టే ఆయనకు తెలియదు. పాతవారు బదిలీ అయ్యారు, ఆయన ఫోనుతో పాటు గొంతులూ బదిలీ అయ్యాయి. కబురు చేస్తే, ఆ ఫోను పాడైపోయిందనీ, వాట్సాప్ గ్రూపులో వెతకమనీ సమాధానం వచ్చింది. గ్రూపులో ఫైలు గుర్తు కనిపించింది, ఫైలు మాత్రం తెరుచుకోలేదు.

ఆ నానీ ఇప్పుడు లేరు.

నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విరమించినవాడిని. ఒక ఉద్యోగి బదిలీ అయితే చార్జి జాబితా వ్రాయకుండా కదలనివ్వరు. బీరువా తాళాలు, గోడ గడియారం, చేయి విరిగిన కుర్చీతో సహా అన్నీ లెక్కకు వస్తాయి. ఆ బడిలో కూడా స్టాకు రిజిస్టరు చూశాను. బల్లలు, పటాలు, ఒక గ్లోబు, పనిచేయని ఒక రేడియో, అన్నీ వరుసగా ఉన్నాయి. రెండేళ్ళ శ్రమ ఫలితమైన ధ్వనిముద్రణలకు అందులో ఒక్క వరుస లేదు. తప్పు ఆ ఉపాధ్యాయునిది కాదు. గొంతు కూడా బడి ఆస్తి అని మనలో ఎవరికీ తోచలేదు.

వినికిడి పాఠం మన పిల్లలకు ఎంత అవసరమో ఒక ఉదాహరణతో చెబుతాను. మన ఇళ్ళలో మాట్లాడే దక్కనీలో ‘ఖాఫ్’ అక్షరం గొంతు లోతుల నుంచి రాదు, ‘ఖే’లో కలిసిపోతుంది. దానితో వార్త అనే మాటా, సమాధి అనే మాటా ఒకే విధంగా ‘ఖబర్’ అయిపోతాయి. తెలుగు లిపిలో వ్రాసి నేర్పుదామంటే అక్కడ కూడా రెండింటికీ ‘ఖ’ ఒక్కటే గతి. ‘సీన్’, ‘సే’, ‘స్వాద్’ మూడూ ‘స’గా మారతాయి, ‘జే’, ‘జాల్’, ‘జ్వాద్’, ‘జోయ్’ నాలుగూ ‘జ’గా మారతాయి. తెలుగు మాధ్యమంలో చదివే మన బిడ్డ తెలుగు అక్షరాలలో అచ్చైన ఖుర్ఆన్ సూరాలను బట్టీపట్టినప్పుడు ఈ భేదాలన్నీ కంటికి కనిపించకుండానే పోతాయి. అరబీ ఉచ్చారణలో ఈ అక్షరాలు వేటికవే కాబట్టి, వాటిని చెవి మాత్రమే పట్టుకోగలదు. ఊరిలో తజ్వీద్ తెలిసిన ఉస్తాద్ ఉంటే సరే. లేనిచోట మంచి ధ్వనిముద్రణే ఉస్తాద్‌కు సహాయకుడు.

సహాయకుడు అనే అంటున్నాను. పిల్లవాడి తప్పును విని దిద్దగల శక్తి ధ్వనిముద్రణకు లేదు.

ఇది కొత్త వింత అని శంకించే పెద్దలు మనలో ఇప్పటికీ ఉన్నారు. వారికి మన చరిత్రనే గుర్తుచేయాలి. యమామా యుద్ధంలో ఖుర్ఆన్ కంఠస్థం చేసిన సహాబాలు అనేకులు అమరులైనప్పుడు, హజ్రత్ ఉమర్ (రజి) ఆందోళన చెంది, గ్రంథాన్ని ఒకచోట సేకరించవలసిందని ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి)కు సలహా ఇచ్చారు. దైవప్రవక్త (స) చేయని పనిని తాను ఎలా చేయాలని ఖలీఫా మొదట తటపటాయించి, తరువాత ఆ బాధ్యతను హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)కు అప్పగించారు. అదే ఉదాహరణను మనసులో పెట్టుకొని ఈజిప్టులో లబీబ్ అల్ సయీద్ అనే విద్వాంసుడు, వ్రాతప్రతి ఉన్నట్టే పారాయణానికి కూడా సంపూర్ణమైన ధ్వనిప్రతి ఉండాలని వాదించారు. ఆ కృషి ఫలితంగా షేఖ్ మహమూద్ ఖలీల్ అల్ హుసరీ గొంతులో సంపూర్ణ ఖుర్ఆన్ 1961లో వెలువడింది. నేడు మన మక్తబ్‌లలో పిల్లలు ఫోనులో వినే పారాయణాల పరంపరకు అదే మొదలు. స్వరాన్ని భద్రపరచడం మన సంప్రదాయానికి పరాయిది కాదు.

బడి విషయానికి వద్దాము. ఉమ్మడి రాష్ట్రంలో ప్రాథమిక తరగతులకు ఆకాశవాణి ద్వారా ‘విందాం నేర్చుకుందాం’ పాఠాలు ప్రసారమయ్యేవి. మంచి ప్రయత్నం. కానీ ప్రసారవేళకు కరెంటు లేకపోయినా, వాన వల్ల బడి మూసినా ఆ పాఠం తరగతికి దక్కేది కాదు. దాచుకొని వినిపించవచ్చునా, అది చట్టవిరుద్ధమా అని జంకిన ఉపాధ్యాయులను నేను ఎరుగుదును. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం, కేవలం నిజమైన బోధన కోసం లేదా పరిశోధన కోసం ప్రసారాన్ని ధ్వనిముద్రణ చేసుకోవడం ప్రసార హక్కుల ఉల్లంఘన కాదు. బోధనక్రమంలో ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ ఒక రచనకు ప్రతి తీసుకోవడాన్ని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఫొటోకాపీ వ్యాజ్యంలో 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ వెసులుబాటును విశాల దృష్టితోనే వ్యాఖ్యానించింది. అయితే తరగతి కోసం దాచుకున్న దానిని యూట్యూబ్‌లో పెట్టడానికో, అమ్ముకోవడానికో ఈ సెక్షన్లు అండగా నిలవవు. ఈ గీతను మనవాళ్ళు తరచు మరచిపోతారు.

మనమే స్వయంగా చేసుకునే ధ్వనిముద్రణల విషయంలో చిక్కు చట్టంతో కాదు, మన అజాగ్రత్తతో. వాట్సాప్‌లో పంపడాన్నే దాచడం అనుకుంటున్నాము. అది పంపిణీ సాధనం మాత్రమే, బీరువా కాదు. మాటలకు ఎంపీత్రీ రూపంలో సెకనుకు 64 కిలోబిట్ల నాణ్యత చాలు; ఆ లెక్కన గంట ధ్వనికి ముప్పై మెగాబైట్లు కూడా పట్టవు. 32 జీబీ మెమరీ కార్డు ఒక్కదానిలో దాదాపు వెయ్యి గంటలు ఇముడుతాయి. నెట్ అందని బడిలో కూడా చిన్న స్పీకరుకు కార్డు తగిలించి వినిపించవచ్చు. మొదట తీసిన ప్రతిని కత్తిరించకుండా విడిగా ఉంచాలి. ముద్రణ ఆరంభంలోనే చెప్పేవారి పేరు, ఊరు, తేదీ వారి నోటనే చెప్పించాలి. ఫైలు పేరులో కూడా అవే ఉండాలి. ‘కొత్త రికార్డింగ్ 7’ అన్న పేరుతో ఉన్నది పదేళ్ళ తరువాత ఎవరికీ కొరగాదు.

ప్రతులు ఒకే ఇంట్లో ఉంచకూడదు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నీట నానిన ఇళ్ళలో బట్టలను ఆరబెట్టుకోగలిగారు గానీ, బురద పట్టిన క్యాసెట్లనూ ఫోన్లనూ ఏమీ చేయలేకపోయారు. వరద రాకపోయినా మన తీరపు ఉప్పుగాలి, తేమ చాలు. పాత క్యాసెట్ టేపుకు బూజు పడుతుంది. ఇంట్లో మర్హూమ్ తండ్రిగారి నాత్ క్యాసెట్టో, పెళ్ళిలో స్త్రీలు పాడిన పాటల క్యాసెట్టో ఉన్నవారు దయచేసి ఈ ఏడే దానిని డిజిటల్ రూపంలోకి మార్పించండి. ఒక ప్రతి బడిలో, ఒకటి మస్జిదు గ్రంథాలయంలో, ఒకటి వేరే ఊరిలోని నమ్మకస్తుల వద్ద ఉంటే చాలును.

స్త్రీల గొంతు విషయంలో అభ్యంతరం వస్తుందని తెలుసు, నాకూ ఎదురైనది. జోలపాటలు, తిరగలి పాటలు, సామెతలు, అనగా మన దక్కనీలో ఎక్కువ భాగం, వారి వద్దనే ఉన్నాయి. ఇష్టం లేనివారిని బలవంతపెట్టరాదు. బాలికల తరగతికి మాత్రమే వినిపించాలని ఒక ఆపా షరతు పెడితే, ఆ షరతును రిజిస్టరులో వ్రాసి పాటించాలి. ఆమెను అడగకుండా, ఆమె తరఫున మగవారు ‘వద్దు’ అనడం మాత్రం నాకు న్యాయంగా తోచదు.

మరొక భయం ఈ కాలానిది. ఒక బయాన్‌లోని రెండు వాక్యాలు కత్తిరించి, అర్థం తారుమారు చేసి తిప్పుతారేమో అన్న దిగులుతో కొందరు ఇమాములు ముద్రణకే ఒప్పుకోవడం లేదు. వారి దిగులు నిరాధారమని నేను అనను. కానీ కత్తిరించిన ముక్క బయట తిరుగుతున్నప్పుడు, తేదీతో సహా పూర్తి ప్రతి మన దగ్గర ఉండటమే మనకు రక్ష. పిల్లల గొంతులు మాత్రం పేర్లతో బడి దాటి పోకూడదు.

రాజ్యాంగం 29వ అధికరణం తమ భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకునే హక్కును ఇచ్చింది. 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించమని రాష్ట్రాలకు చెప్పింది. 2022లో మన శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేసింది. ఈ మూడింటినీ సభలలో మనం ఎన్నోసార్లు చదువుతాము. వాటి పేరిట ఏమి అడగాలో మాత్రం తేల్చుకోము. నేను అడిగేది చిన్నది. ఉర్దూ బోధించే ప్రతి బడిలో వినికిడి పాఠాల ఖజానా ఒకటి ఉండాలి. అది స్టాకు రిజిస్టరుకు ఎక్కాలి, బదిలీ వేళ చార్జి జాబితాలో చేరాలి. ఇంట తెలుగే మాట్లాడే నూర్‌బాషా కుటుంబాల పెద్దల కథలకు కూడా అందులో చోటుండాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులు, సంరక్షకులే. సగం మంది స్త్రీలు. తీర్మానం వ్రాయడానికి ఇంతకంటే అనువైన వేదిక ఏది? పై అధికారుల ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కరలేదు.

ఆ తీరపు ఊరిలో ఇప్పుడు ఒక నోటు పుస్తకం తెరిచాము. వరుస సంఖ్య, తేదీ, చెప్పినవారు, విషయం, నిడివి, షరతులు, ప్రతులున్న చోటు అని ఏడు గడులు గీశాము. హాఫిజ్ గారు మళ్ళీ ఓపికగా కూర్చుని అలిఫ్ నుంచి పలికారు. అది మొదటి వరుస. రెండవ వరుసలో నానీ పేరు వ్రాసి, నిడివి గడిని ఖాళీగా వదిలాము. పాత ఫోనులోని మెమరీ కార్డును ఒకసారి చూపిస్తానని ఆ ఉపాధ్యాయుడు మాట ఇచ్చారు, వచ్చే శుక్రవారం ఆయన దగ్గరకు వెళుతున్నాను.