అద్దెకు పరిమితి సరే, రసీదు ఏది?

ఏటా అద్దె ఇంత శాతానికి మించి పెంచకూడదని కేంద్రం దేశమంతటికీ ఒకే చట్టం చెయ్యాలని మన మిత్రులు కొందరు వాదిస్తున్నారు. ఉద్దేశం మంచిదే. బిడ్డకు తాయెత్తు కట్టే తల్లి ఉద్దేశం కూడా మంచిదే. మనం అడగాల్సింది జ్వరం తగ్గిందా లేదా అని.

అద్దె చట్టాలు మన దేశంలో మొదటినుంచీ రాష్ట్రాలు చేసుకుంటూ వచ్చినవే. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది కూడా నమూనా చట్టమే, రాష్ట్రాలు తీసుకుంటేనే అమలు. ఇళ్ళకు అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదని అందులో ఉంది. అద్దె పెంపుకు మాత్రం శాతం లేదు, ఒప్పందంలో రాసుకున్నట్టు పెంచుకోమంది.

ఒప్పందం! నేనుండే భాలుబాసాలో ఆ మాటంటే నవ్వుతారు. జంషెడ్‌పూర్ 1907లో పుట్టిన టాటా ఉక్కు కంపెనీ కట్టించిన ఊరు. కార్ఖానా పనికి వచ్చిన తెలుగువాళ్ళలో చాలామంది కంపెనీ క్వార్టర్లలో బతికారు. రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. పిల్లలకు కంపెనీలో పని దొరక్కపోతే ఆ కుటుంబం రెండు గదుల అద్దె కొంపకు చేరుతుంది. మా వీధిలో అద్దె ఒప్పందమంటే నోటిమాట. డబ్బు చేతికిస్తారు, రసీదు ఉండదు. కరెంటుకి సబ్‌మీటరు, యూనిట్ ధర ఇంటాయన నోట్లోంచి వస్తుంది.

అద్దెదారుకే కాదు, చాలాచోట్ల యజమానికీ కాగితం లేదు. ఊరి భూమి ప్రభుత్వం నుంచి కంపెనీకి లీజు. 1985లో కుదిరిన ఆ లీజును 1956 నుంచి లెక్కగట్టారు, 2005లో మళ్ళీ పొడిగించారు. అప్పుడు లీజు బయట పెట్టిన భూముల్లోవే ఇక్కడ అందరూ చెప్పుకునే 86 బస్తీలు. అక్కడ ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు దశాబ్దాలుగా ‘మాలికానా హక్’ అడుగుతూనే ఉన్నారు. ప్రతి ఎన్నికలకీ ఆ మాట వినపడుతుంది, ఎన్నికలతోటే పోతుంది. తన ఇంటికే పట్టా లేనివాడు అద్దె కాగితం రాసిస్తాడా?

ఇక చట్టం లేదా అంటే, ఉంది. బీహార్‌లో 1947లోనే అద్దె నియంత్రణ చట్టం వచ్చింది, 1982లో ఇంకొకటి. జార్ఖండ్ విడిపోయాక 2011లో సొంత చట్టం చేసుకుంది. న్యాయమైన అద్దె నిర్ణయించడానికి కంట్రోలరు ఉన్నాడు. ఆయన దగ్గరకు వెళ్ళినవాడు మా వీధిలో నాకు తెలిసి ఒక్కడు కూడా లేడు. వెళ్ళినా, నెలకు ఇంత కడుతున్నానని ఏం చూపిస్తాడు? ఢిల్లీ నుంచి ఇంకో చట్టం వస్తే ఈ ఖాళీ ఎలా పూడుతుంది?

కాగితం ఉన్నచోట కూడా తిప్పలే. ఏడాది దాటిన లీజును రిజిస్టరు చెయ్యాలి కనుక 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టాన్ని తప్పించుకోడానికి దేశమంతా పదకొండు నెలల ఒప్పందం రాసుకుంటుంది. పన్నెండో నెలలో పాత మనిషిని పంపి కొత్తవాడికి కొత్త అద్దె చెబితే, ‘ఏటా పెంపు’ అన్న మాటే వర్తించదు. పరిమితిని ఇంటికి కాక మనిషికి కడితే ఖాళీ చేయించడం పెరుగుతుంది. ఇంటికి కడితే బొంబాయి కథ. అక్కడ 1947 చట్టం పాత ఇళ్ళ అద్దెల్ని 1940 సెప్టెంబరు స్థాయిలో బిగించేసింది. యజమానులు మరమ్మతులు మానేశారు, పగిడీ పేరుతో నల్లడబ్బు నడిచింది. 1997లో సుప్రీంకోర్టు ఆ బిగింపు నిర్హేతుకం అనాల్సి వచ్చింది. 1999 చట్టం ఏడాదికి 4 శాతం పెంచుకోనిచ్చింది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1994లో చిన్న భవనాలకూ నియంత్రణ విస్తరించారు. దాన్ని పరిశోధించి డైమండ్, మెక్‌క్వేడ్, చియాన్ 2019లో ప్రచురించారు. అప్పటికే ఉన్న అద్దెదారులకు మేలు జరిగింది, ఉన్నచోటే ఉండగలిగారు. అదే సమయంలో ఆ యజమానులు అద్దెకిచ్చే ఇళ్ళను 15 శాతం తగ్గించేశారు, ఊరి మొత్తంలో అద్దెలు సుమారు 5 శాతం పెరిగాయి. లోపలున్నవాడికి గొడుగు, బయటున్నవాడికి వాన.

మన దేశంలో బయట నిలబడేది ఎవరు? ఇక్కడే నా అసలు అభ్యంతరం. డబ్బుతో వడపోయలేని యజమాని మనిషిని చూసి వడపోస్తాడు. ‘మీరేమిట్లు?’ అన్న ప్రశ్న ఇప్పటికే గుమ్మంలో ఎదురవుతుంది. మాంసం వండుతారా, ఏ మతం, పెళ్ళయిందా, పూజగది పక్కన నిద్రపోతారా అనీ అడుగుతారు. (వాస్తు చూసి ఇల్లు కట్టుకున్నవాడు అద్దెదారును జాతకం చూసి ఎంచుకుంటే ఆశ్చర్యమేముంది?) ఒక గదికి పదిమంది అడిగేవాళ్ళుండి అద్దె పెంచే వీలు లేకపోతే, ఆ పదిమందిలో దళితుడికీ ముస్లింకీ ఒంటరి ఆడమనిషికీ వంతు ఎప్పుడొస్తుంది? కులాంతర వివాహం చేసుకున్న మన సంఘం జంటలకు ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు.

అలాగని పరిమితి పూర్తిగా వద్దనను. పిల్లలు పక్క బడిలో చదువుతుంటే, ముసలమ్మకు ఆసుపత్రి దగ్గరుంటే, అద్దెదారు కదల్లేడు. అది తెలిసే యజమాని వెయ్యి పెంచుతాడు. ఉన్న మనిషి ఉన్నంతకాలం పెంపును ధరల సూచికకు కట్టడం న్యాయం. మనిషి మారినప్పుడు అద్దె వదిలెయ్యాలి. కొత్తగా కట్టిన ఇళ్ళకు కొన్నేళ్ళు మినహాయింపు ఇవ్వాలి. కాలిఫోర్నియా 2019 చట్టంలో ఇది పదిహేనేళ్ళు. శాతం ఎంతో ఏ రాష్ట్రానికారాష్ట్రం తేల్చుకోవాలి. విజయనగరం అద్దెకీ ముంబయి అద్దెకీ ఒకే కొలబద్ద దేనికి?

వీటన్నిటికంటే ముందు రసీదు. నెలనెలా అద్దె ముట్టినట్టు రాసివ్వడం తప్పనిసరి చెయ్యండి. ఇవ్వకపోతే ఫోన్‌లో పంపిన డబ్బునే సాక్ష్యంగా తీసుకోండి. కులం, మతం, తిండి అడిగి ఇల్లు కాదన్నవాడికి జరిమానా వెయ్యండి. బస్తీల్లో ఇంటివాడికి పట్టా ఇవ్వండి, అప్పుడు వాడు కాగితం చూసి భయపడడు. పోయిన నెల మా వీధిలో ఒకావిడకు చెప్పాను, ఇకమీదట అద్దె చేతికివ్వొద్దు, ఫోన్‌లోనే పంపమని. ఇంటాయన ఫోన్ నంబరు ఇవ్వనన్నాడట.