రొదను ఎడిటింగ్‌కు వదలొద్దు

డిజిటల్ చానల్‌లో రిపోర్టర్‌ పోస్టుకో, పాడ్‌కాస్ట్ ప్రొడక్షన్‌లో ఉద్యోగానికో వెళ్తే ‘మీరు చేసిన వర్క్ చూపించండి’ అని అడగడం మామూలే. అందుకే చాలామంది ఫోన్ పట్టుకుని కోఠిలోనో, బెజవాడ బెంజ్ సర్కిల్‌లోనో నలుగురిని మాట్లాడించి తెస్తారు. ప్రశ్నలు బాగుంటాయి, ఫ్రేమ్ బాగుంటుంది. ఆ నలుగురూ ఏమన్నారో మాత్రం హారన్ల మధ్య వినిపించదు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా ఓపిక పట్టేవారు, మాట అర్థం కాకపోతే మాత్రం ఆగరు.

‘ఎడిటింగ్‌లో తీసేద్దాంలే’ అన్న ధీమాయే ఇక్కడ కొంప ముంచుతోంది. ఉచితంగా దొరికే ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్ ఉంది. ఫ్యాన్ హోరు, జనరేటర్ మోత లాంటి ఒకే తీరుగా సాగే శబ్దాన్ని అది బాగానే తగ్గిస్తుంది. హారన్లు, పక్కవాళ్ల మాటలు అలా కాదు. క్షణక్షణం మారుతుంటాయి, గొంతు ఉండే ఫ్రీక్వెన్సీల్లోనే కలిసిపోతాయి. వాటిని గట్టిగా తుడవబోతే గొంతు కూడా అరిగిపోతుంది. ఏఐ టూల్స్ కొంత మెరుగే. కానీ రొదలో కలిసిపోయిన మాటను అవి ఊహించి నింపే ప్రమాదం ఉంది. ఒక బాధితుడి మాటనో, అధికారి హామీనో రికార్డు చేస్తున్నప్పుడు ఆ ఊహ చిన్న విషయం కాదు.

అసలు కిటుకు దూరంలో ఉంది. ఆరుబయట నోటికీ మైకుకీ మధ్య దూరాన్ని సగం చేస్తే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ట్రాఫిక్ మోత దాదాపు అంతే ఉంటుంది. రెండడుగుల నుంచి ఆరంగుళాలకు తెస్తే లాభం 12 డెసిబెల్స్, ఖర్చు సున్నా. మైకు కొనే స్తోమత లేకపోతే స్నేహితుడి ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, ఫ్రేమ్‌లో పడకుండా మాట్లాడేవారి గడ్డం కింద పట్టుకోండి. మొదట్లో ఒక చప్పట కొడితే ఆ ఆడియోనూ వీడియోనూ కలపడం తేలిక.

తర్వాతిది చోటు. మెయిన్ రోడ్డు వదిలి సందులోకి ఇరవై అడుగులు నడవండి. కార్డియాయిడ్ మైకు వెనక వైపు నుంచి వచ్చే శబ్దాన్ని తక్కువగా తీసుకుంటుంది. కాబట్టి మాట్లాడేవారి ముఖాన్ని రోడ్డు వైపు తిప్పితే మైకు వెనక భాగం ట్రాఫిక్ వైపు ఉంటుంది. గాలి వీస్తుంటే మైకుకు ఫోమ్ కానీ, బొచ్చు కవర్ కానీ తొడగాల్సిందే. ఇంటర్వ్యూ మొదలయ్యే ముందు పది సెకన్లు రికార్డు చేసి ఇయర్‌ఫోన్స్‌లో వినండి. మన చెవి పట్టించుకోని రొదను మైకు వదలదు.

రైతుబజార్ కథనంలో బజారు సందడి అసలే ఉండకూడదని కాదు, మాటను మింగకుండా ఉంటే చాలు. మాస్ కమ్యూనికేషన్ కోర్సుల్లో కెమెరాకు ఇచ్చినన్ని ప్రాక్టికల్ క్లాసులు మైకుకూ ఇవ్వాలి. ఎండలో ఐదు నిమిషాలు నిలబడి తన గోడు చెప్పుకున్న మనిషిని ‘సరిగా రికార్డు కాలేదు, మళ్లీ చెప్పండి’ అని వెతుక్కుంటూ వెళ్లడం అన్నిసార్లూ కుదరదు.