నిద్రపోతున్నవాళ్లకు ఏ పరిమితి?

సముద్రం ఒడ్డున ఫైబర్ బోట్లు చేసే షెడ్డు ముందు నుంచి వెళ్తే తియ్యగా, ఘాటుగా ఒక వాసన తగులుతుంది. ఈమధ్య అలాంటి షెడ్డు దగ్గర కాసేపు ఆగాను. ఒక కుర్రాడు ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, ఫైబర్ మ్యాట్ మీద బ్రష్‌తో రెజిన్ పూస్తున్నాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. వాసన ఇబ్బంది పెట్టదా అని అడిగితే, ‘‘మొదట్లో తెలిసేదండీ, ఇప్పుడేం తెలీదు’’ అన్నాడు.

ఆ వాసన రెజిన్‌లో ఉండే స్టైరీన్ అనే రసాయనానిది. తువ్వాలు ఆ ఆవిరిని ఆపలేదు. వాసన తెలియడం లేదంటే ఆవిరి పోయిందని కాదు, ముక్కు అలవాటుపడిపోయిందని.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి వచ్చిపడిందీ ఈ స్టైరీన్ ఆవిరే. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి, అణువులు ఒకదానికొకటి అతుక్కోకుండా ఆపే మందు కలిపి ఉంచాలి. ఆ రెండూ తప్పితే దానంతటదే వేడెక్కుతుంది, మరుగుతుంది. దాని ఆవిరి గాలికంటే మూడు రెట్లకు పైగా బరువు. అందుకే పైకి పోకుండా నేలబారున ఇళ్లలోకి పాకింది. జనం నిద్రలో ఉన్నారు. సైరన్ మోగలేదు. 12 మంది చనిపోయారు.

అప్పట్లో గాలిలో స్టైరీన్ ఎన్ని పీపీఎం (పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లు) ఉందన్నదే పెద్ద చర్చ. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫార్సు 50 పీపీఎం. 700 దాటితే వెంటనే ప్రాణాపాయమని లెక్క. కానీ ఆ 50 ఎవరి కోసం? షిఫ్టు చేసి ఇంటికెళ్లి, మిగతా వేళంతా మంచి గాలి పీల్చుకునే కార్మికుడి కోసం. చాప మీద పడుకున్న పసిపిల్లకు, గర్భిణికి, ఆయాసంతో ఉన్న ముసలమ్మకు ఆ అంకె వర్తించదు. ఫ్యాక్టరీ లోపలి కొలబద్దతో గోడ బయటి ఊరిని కొలవడం అన్యాయం.

పైగా ఈ రసాయనం గురించి మన అవగాహన కూడా మారుతూ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2018లో దీన్ని ‘క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న’ వర్గం నుంచి ‘బహుశా కలిగిస్తుంది’ అనే వర్గానికి పెంచింది. కాలేయం దీన్ని స్టైరీన్ ఆక్సైడ్‌గా మారుస్తుంది. అది డీఎన్ఏను దెబ్బతీయగలదు. ఏళ్లతరబడి రెజిన్‌తో పనిచేసిన వాళ్లలో రంగుల చూపు, వినికిడి తగ్గినట్టు అధ్యయనాల్లో తేలింది.

ఒంట్లోకి ఎంత పోయిందో మూత్రంలోని మాండెలిక్ ఆమ్లం చెబుతుంది, అదీ కొద్ది రోజులే. వెంకటాపురం విషయంలో ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇక దారి ఒక్కటే: ఏటేటా ఊపిరితిత్తులు, చూపు, వినికిడి, రక్తం పరీక్షించి ప్రతి మనిషి పేరిటా రాసిపెట్టడం. ఆ రాత్రి అయిదేళ్లున్న పిల్ల ఇప్పుడు హైస్కూలు ఈడుకొచ్చింది. రేపు ఆమె ఏ ఊళ్లో ఏ డాక్టరు ముందు కూర్చున్నా, ఆ రాత్రి ఏం పీల్చిందో ఆమె ఆరోగ్య కార్డులో రాసి ఉండాలి.