రీబూట్ చేసే ముందు ఒక్క ఐదు నిమిషాలు

సిస్టమ్ హ్యాంగయ్యిందంటే మన సాఫ్ట్‌వేర్ జనాల్లో చాలామంది చేసే మొదటి పని రీబూట్. మళ్ళీ లేచిందా? లేచింది. టికెట్ క్లోజ్. రూట్ కాజ్ అన్న గడిలో "ట్రాన్సియెంట్ ఇష్యూ" అని రాసేసి టీ తాగడానికి వెళ్ళిపోవచ్చు.

ఈ అలవాటు మీద నాకు ఎప్పట్నుంచో కోపం. ముఖ్యంగా డెడ్‌లాక్ విషయంలో. డెడ్‌లాక్ వచ్చినప్పుడు రీబూట్ కొట్టడమంటే చేతికి చిక్కిన దొంగని పేరు కూడా అడక్కుండా వదిలెయ్యడమే. మిగతా బగ్గులు కనపడి మాయమైపోతాయి. డెడ్‌లాక్ అలా కాదు, పట్టుబడిన చోటే కదలకుండా నిలబడి ఉంటుంది. వెళ్ళి అడగడమే తరువాయి. ఆ అడగడానికే మనకి ఓపికుండదు.

ఊరికే తిట్టడమెందుకు, జరిగిన కథొకటి చెప్తాను. లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ లో (అదే, ఎండీ డ్రైవర్) డిస్కులు పెంచేటప్పుడు వచ్చిన హ్యాంగుల కథ.

ముందు ఆ పని ఎంత తిక్క పనో చూడండి. మీ దగ్గర 4 డిస్కుల రెయిడ్-5 ఉందనుకోండి. ప్రతి వరసలో 3 ముక్కల డేటా, 1 పారిటీ. ఐదో డిస్కు కలిపారు. ఇకనుంచి ప్రతి వరసలో 4 డేటా, 1 పారిటీ ఉండాలి. అంటే దాదాపు ప్రతి ముక్కా ఉన్నచోటు నుంచి జరగాలి, పారిటీ అంతా మళ్ళీ లెక్కెయ్యాలి. దీన్నే రీషేప్ అంటారు. పెద్ద డిస్కులైతే రోజులు కూడా పట్టొచ్చు. అన్ని రోజులు సర్వర్ ఆపలేం కదా, కాబట్టి జనాలు ఫైళ్ళు చదువుతూ, రాస్తూ ఉండగానే ఇదంతా జరిగిపోవాలి. రెయిడ్-5 కి ఈ సౌకర్యాన్ని 2006లో, 2.6.17 కర్నెల్ తో నీల్ బ్రౌన్ తెచ్చారు.

రైళ్ళు తిరుగుతుండగానే మీటర్ గేజ్ ని బ్రాడ్ గేజ్ గా మార్చడం లాంటిదన్నమాట. ఒకవైపు కొత్త పట్టాలు, ఒకవైపు పాతవి, మధ్యలో గ్యాంగు పని చేస్తున్న ముక్క. కర్నెల్ కూడా అంతే. రీషేప్ ఎక్కడిదాకా వచ్చిందో ఒక గుర్తు పెట్టుకుంటుంది. గుర్తుకి ఇవతల అడిగితే కొత్త లెక్క, అవతల అడిగితే పాత లెక్క. సరిగ్గా పని జరుగుతున్న ముక్కనే అడిగితే "కాసేపాగు" అంటుంది.

గొడవంతా ఈ "కాసేపాగు" దగ్గరే.

2023లో ఒక బగ్గు బయటపడింది. రెయిడ్-6 కి ఒక డిస్కు కలిపి రీషేప్ మొదలెడితే, గ్యాంగు ఇంకా చేరనే చేరని చోటుకి వెళ్ళే ఐఓలు కూడా ఆగిపోతున్నాయి. ఎంతసేపైనా కదలవు. వెతికితే తేలిందేంటంటే, ఒక స్ట్రైప్ రీషేప్ కి ముందుందా వెనకుందా అని తేల్చే చిన్న ఫంక్షన్ లో లూప్ ఉంది. డిస్కులన్నిట్లో అతి చిన్న సెక్టార్ ఏది, అతి పెద్దది ఏది అని చూస్తుంది. అందులో పారిటీ డిస్కుని వదిలేశారు గానీ, రెయిడ్-6 లో ఉండే రెండో పారిటీ డిస్కుని (క్యూ డిస్కు) వదలడం మర్చిపోయారు. దాని సెక్టార్ విలువ 0. కాబట్టి అతి చిన్నది ఎప్పుడూ 0. కాబట్టి ప్రతి ఐఓ "పని జరుగుతున్న ముక్క"లోనే ఉన్నట్టు లెక్క తేలేది. అందుకే ఆగేది.

అసలు మజా ఇది కాదు. అదే లూప్ లో, పక్క లైన్లో, అతి పెద్ద సెక్టార్ లెక్కపెట్టే చోట మ్యాక్స్ రాయాల్సింది మిన్ రాసి ఉంది. 0 తో మొదలెట్టి మిన్ తీసుకుంటూ పోతే వచ్చేది 0 యే. దీనివల్ల రీషేప్ వెనక నుంచి ముందుకి నడిచేటప్పుడు సరిగ్గా ఉల్టా జరగొచ్చు. ఆగాల్సిన ఐఓ ఆగకుండా వెళ్ళిపోవచ్చు!

ఒక్కసారి ఆలోచించండి. మొదటి తప్పు వల్ల మెషీన్ నిలబడిపోయింది, కస్టమర్ అరిచాడు, అందరికీ తెలిసింది. రెండో తప్పు ఏ చప్పుడూ చెయ్యదు. గ్యాంగు పని చేస్తున్న పట్టాల మీదకే రైలుని వదిలేసే రకం. మొదటిదాన్ని రీబూట్ తో కప్పెట్టేసి ఉంటే రెండోది ఎన్నాళ్ళు బతికేదో! అందుకే నేనంటాను, స్టోరేజ్ లో హ్యాంగ్ అనేది తిట్టుకోవాల్సిన విషయం కాదు. తప్పు రాయడం కంటే ఏమీ రాయకుండా ఆగిపోవడం వెయ్యి రెట్లు నయం.

కథ ఇక్కడితో అవ్వలేదు. ఎల్‌వీఎం కూడా లోపల ఈ ఎండీ కోడ్ నే డీఎం-రెయిడ్ అనే పొర ద్వారా వాడుకుంటుంది. పై తప్పులు దిద్దిన 6.7 కర్నెల్ వచ్చాక, ఎల్‌వీఎం టెస్టుల్లో రీషేప్ ని పరీక్షించే స్క్రిప్టు హ్యాంగవ్వడం మొదలెట్టింది. నిన్నటిదాకా పాసైన టెస్టు! ఎందుకంటే నిన్నటిదాకా ఆగాల్సిన ఐఓలు ఆగేవి కాదు. ఇప్పుడు సరిగ్గా ఆగుతున్నాయి, ఆగి అక్కడే ఉండిపోతున్నాయి.

ఇది అచ్చమైన డెడ్‌లాక్. డివైస్ ని సస్పెండ్ చెయ్యాలంటే దారిలో ఉన్న ఐఓలన్నీ పూర్తవ్వాలి. ఐఓ ఏమో రీషేప్ ముందుకు కదలాలని చూస్తోంది. రీషేప్ ఏమో ఆపేసి ఉంది (అర్రే రీడ్-ఓన్లీగా ఉన్నా, రికవరీని ఫ్రీజ్ చేసినా అది కదలదు). మళ్ళీ కదలాలంటే సస్పెండ్ పూర్తయ్యి రెజ్యూమ్ అవ్వాలి. స్టేషన్ మాస్టర్ "లైన్లో ఉన్న రైలు వెళ్ళేదాకా పని ఆపండి" అన్నాడు, రైలు డ్రైవరు "పని అయ్యేదాకా కదలను" అన్నాడు. ఇద్దరూ రూలు ప్రకారమే నడుచుకున్నారు. లైను మాత్రం మూతబడింది :)

మనం బీటెక్ లో, తర్వాత అమీర్‌పేట కోచింగుల్లో డెడ్‌లాక్ అంటే రెండు లాకులు, రెండు థ్రెడ్లు అని బట్టీ పట్టాం. 1971లో కాఫ్‌మన్, మరో ఇద్దరు కలిసి చెప్పిన నాలుగు షరతులు ఇంటర్వ్యూలో నిద్రలో లేపి అడిగినా చెప్తాం. కానీ పైన చెప్పిన చుట్టు ఏర్పడటానికి రెండు మ్యూటెక్సులు అక్కర్లేకపోయింది. ఉన్నవన్నీ "ఫలానాది జరిగేదాకా ఆగు" అనే వెయిట్లే. కర్నెల్ లో లాక్‌డెప్ అని 2006 నుంచీ ఒక మంచి సాధనం ఉంది, లాకుల వరస తప్పితే పట్టేస్తుంది. కానీ లాకే లేని ఎదురుచూపు దాని కంటికి ఆనదు. అక్కడ మనిషి కూర్చుని "ఎవరు ఎవరి కోసం ఆగారు?" అని కాయితం మీద బాణాలు గీసుకోవాల్సిందే. బాణాలు తిరిగొచ్చి మొదటి పేరుని తాకితే దొంగ దొరికినట్టే.

2024లో దీన్ని దిద్దిన పద్ధతి నాకు బాగా నచ్చింది. పాత సవరణని వెనక్కి తీసుకోలేదు. వెయిట్ కి టైమౌట్ పెట్టి చేతులు దులుపుకోలేదు. రీషేప్ కదిలే అవకాశమే లేదని తెలిసినప్పుడు, ఐఓని లోపల కూర్చోబెట్టకుండా పై పొరకి తిప్పి పంపేస్తారు, "తర్వాత మళ్ళీ పంపు" అని. రైలుని వెనక స్టేషన్ కి పంపినట్టు. చుట్టులో ఒక్క బాణం తెగింది, చాలు.

ఇదే మన దగ్గరైతే ఏం జరిగేదో ఊహించండి. "నిన్నటిదాకా పాసయ్యింది, కొత్త చెకిన్ తీసెయ్యండి" అని ఒకరు. "ఆ టెస్టు ఫ్లేకీ, డిసేబుల్ చెయ్యండి, రిలీజ్ శుక్రవారం" అని ఇంకొకరు. తీసేస్తే టెస్టు పచ్చగా పాసవుతుంది, డేటాకి గ్యారంటీ పోతుంది. ఆకుపచ్చ గుర్తు కోసం సరైన లైనుని తీసెయ్యడం నేను కళ్ళారా చూశాను కాబట్టి చెప్తున్నాను.

రీబూట్ అస్సలు వద్దని నేననను. నేను పనిచేసిన ఒకచోట కస్టమర్ దగ్గర రీషేప్ మధ్యలో ఆగిపోయింది, స్పీడ్ 0. కాల్ లో పది మందికి పైనే ఉన్నారు, "రీబూట్ చేసి చూడండి" అని పైవాళ్ళు మూడోసారి అంటున్నారు. మా సీనియర్ ఒకాయన "ఐదు నిమిషాలివ్వండి సార్" అని, బ్లాకైన టాస్కుల స్టాకులన్నీ తీసి ఫైల్లో దాచి, అప్పుడు రీబూట్ చేశారు. కొన్ని వారాల తర్వాత ఇంకో కస్టమర్ దగ్గర అదే హ్యాంగ్ వచ్చినప్పుడు మమ్మల్ని కాపాడింది ఆ ఫైలే. ఆ ఏడాది అప్రైజల్ లో ఆయనకి దక్కిన మాట "రెస్పాన్స్ టైమ్ మెరుగుపడాలి". ఇంకేం చెప్తాం!

నిజానికి ఐదు నిమిషాల్లో తియ్యాల్సింది ఎంతో లేదు. ఎండీస్టాట్ కాపీ ఒకటి. డీ స్టేట్ లో ఉన్న ప్రాసెస్‌ల జాబితా (వీటిని కిల్ -9 కూడా ఏమీ చెయ్యలేదు, ఊరికే కొట్టి ఆయాసపడకండి). సిస్‌రిక్వెస్ట్ డబ్ల్యూ కొడితే బ్లాకైన టాస్కుల స్టాకులన్నీ లాగ్ లో పడతాయి. 120 సెకన్లు దాటి కదలని టాస్కుల గురించి చాలా సిస్టముల్లో కర్నెల్ తనంతట తానే లాగ్ లో మొత్తుకుని ఉంటుంది, మనం చదవం అంతే. రెండు నిమిషాలాగి అవే స్టాకులు ఇంకోసారి తియ్యండి. రెండుసార్లూ ఒకేచోట ఉంటే నిజంగా ఇరుక్కుందని, వేరేగా ఉంటే నెమ్మదిగా నడుస్తోందని అర్థం. ఈ తేడా తెలియకుండానే ఎన్ని మెషీన్లకి బటన్ నొక్కేశామో.

ఎండీ రీషేప్ ఎక్కడిదాకా వచ్చిందో డిస్కుల మీదే రాసుకుంటుంది, బూటయ్యాక మామూలుగా అక్కణ్ణుంచే కొనసాగుతుంది. కాబట్టి ఐదు నిమిషాలు ఆలస్యం చేస్తే కొంపలేం మునగవు. కానీ రీబూట్ తో ఆ స్టాకులు పోయాయంటే పోయినట్టే. ఏ బ్యాకప్ లోనూ దొరకవు.

సర్వర్ ని ఎంత తొందరగా లేపారన్నది కొలవడానికి మన కంపెనీల్లో బోలెడు లెక్కలున్నాయి. అదే జబ్బుతో మళ్ళీ పడకుండా ఎవరు ఆపారన్నది కొలిచే లెక్క మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు. మీ ఆఫీసులో ఉందా?