తిప్పతీగ కషాయం అందరూ తాగవచ్చునా?

ప్రశ్న: మా అమ్మ వయస్సు 52 సంవత్సరాలు. నాలుగేళ్ళుగా రుమటాయిడ్ కీళ్ళవాతంతో బాధపడుతోంది. డాక్టరుగారు వారానికొకసారి వేసుకొనే మెథోట్రెక్సేట్ మాత్రలు వ్రాశారు. తిప్పతీగ కషాయం రోజూ తాగితే రోగనిరోధక శక్తి పెరిగి, ఆ మాత్రల అవసరమే ఉండదని ఇరుగుపొరుగువారు అంటున్నారు. మా పెరటి వేపచెట్టుకు తీగ అల్లుకొని ఉంది. ఇమ్మంటారా?
– ఒక పాఠకుడు, భైంసా

జవాబు: ఇవ్వకండి. ఎందుకో చెబుతాను.

తిప్పతీగ పనికిరాని మొక్క కాదు. ఆయుర్వేదంలో దీనిని గుడూచి, అమృత అంటారు. మీ ఊళ్ళో మరాఠీ మాట్లాడేవారు గుళ్‌వేల్ అనేది దీనినే. కాండంలో ఉండే ఒక రకం పిండిపదార్థం, సూక్ష్మజీవులను మింగివేసే మన రక్షణ కణాలను చురుకు పరుస్తుందని ప్రయోగశాలల్లో తేలింది.

మీ అమ్మగారి విషయంలో చిక్కంతా అక్కడే ఉంది. రోగనిరోధక శక్తి తగ్గి ఆమెకీ జబ్బు రాలేదు. ఆ శక్తే దారి తప్పి, సొంత కీళ్ళలోని పొరల మీద దాడి చేస్తోంది. ఆ దూకుడును తగ్గించడానికే మెథోట్రెక్సేట్. ఒక చేత్తో పగ్గం లాగి, రెండో చేత్తో ముల్లుకర్రతో పొడిస్తే ఎద్దు ఏం చేస్తుంది?

ఇంకొక సంగతి కాలేయం. కోవిడ్ రోజుల్లో చాలామంది ఈ కషాయం తాగారు. వారిలో కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలను ముంబయి వైద్యులు 2021లో ప్రకటించారు. దేశంలోని 13 కేంద్రాల వైద్యులు 2022లో అలాంటి 43 మంది వివరాలు ప్రచురించారు. చాలామందిలో రక్షణ కణాలే కాలేయం మీద తిరగబడిన లక్షణాలు కనిపించాయి. తిప్పతీగను పోలిన వేరే తీగను వాడి ఉండవచ్చునని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. తాగిన వారందరికీ ఇలా జరగదన్న మాట నిజమే. కాని మెథోట్రెక్సేట్ కూడా కాలేయాన్ని ఇబ్బంది పెట్టగల మందే. రెండు బరువులు దాని మీద ఎందుకు మోపాలి?

థైరాయిడ్ గ్రంథి మీద, చర్మం మీద సొంత రక్షణ కణాలే దాడి చేసే జబ్బులున్నవారు, కాలేయ వ్యాధులున్నవారు, మూత్రపిండం మార్పిడి చేయించుకొన్నవారు కూడా ఈ కషాయం జోలికి పోరాదు. మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుని అడగకుండా తాగరాదు. చక్కెర మరీ పడిపోవచ్చు.

ఇప్పటికే తాగించి ఉంటే ఈ రోజే మానిపించండి. ఆ సంగతి దాచకుండా డాక్టరుగారికి చెప్పి, కాలేయ పరీక్ష చేయించండి. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, అన్నం సహించకపోయినా ఆలస్యం చేయకండి.

మాత్రలు మాత్రం సొంతంగా మాన్పించకండి. మెథోట్రెక్సేట్ వారానికొక్కరోజే వేసుకోవాలి; పొరపాటున రోజూ వేసుకొంటే ప్రాణానికే ముప్పు. ఆ వారాన్ని క్యాలెండరు మీద గుర్తు పెట్టి, మాత్ర మీ చేతితో మీరే ఇవ్వండి.