ఆదివారపు ఫలహారము – కామాఠీపుర పరువు

నేడు మన కుటుంబములలో ఆదివారమునాడు ‘బ్రంచి’కి పోవుట యొక వేడుకయైనది. ఉదయపు ఫలహారమును, మధ్యాహ్న భోజనమును ఒక్కటిగా జేసి తీరికగా భుజించుట దీని యర్థము. 1895లో గై బెరింజర్ అను ఆంగ్లేయుడు ఒక వ్యాసమున ఈ మాటను ప్రచారమునకు దెచ్చెను. శనివారము రాత్రి ప్రొద్దుపోయి నిదురించు దొరలకు ఆదివారము పెందలకడ లేచు బాధ తప్పవలెనని ఆయన మొర. వేడుకను మేము కాదనము. కాని ‘గ్రాంట్ రోడ్ ప్రాంతమున సకుటుంబముగా కూర్చుండి తినదగినది ఏమున్నది?’ అని మన విద్యావంతులు ఆడు మాటను మాత్రము అంగీకరింపజాలము.

మొదట ఆదివారము సంగతి చూతము. ఈ విశ్రాంతి మనకు దొరలు దయతో నిచ్చినది కాదు. మహాత్మా ఫులే అనుచరుడగు నారాయణ మేఘాజీ లోఖండే మిల్లు కార్మికులను కూడగట్టి పోరాడగా, 1890 జూన్ 10న వారపు సెలవు లభించెను. ఫులే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజమునకు జాయా కరాడీ లింగు, వ్యంకు బాళాజీ కాళేవార్ వంటి మన తెలుగు గుత్తేదారులు అండగా నిలిచిరి. కావున ఆదివారపు ఉదయము చాళ్లలోని శ్రామికులు సంపాదించుకొన్న ఆస్తి.

ఆ ఉదయమును మనవారు ఎట్లు గడపిరి? తలంటి పోసుకొనుట, మాంసపు దుకాణము ముందు వరుసలో నిలుచుట, పిమ్మట జొన్నరొట్టె, తలకాయకూర. లేనివారింట సర్వపిండి. బియ్యపు పిండిలో పల్లీలు, శనగపప్పు, నువ్వులు కలిపి, గంజు అడుగున చేతితో నొత్తి, వ్రేలితో తూట్లు పొడిచి, అందు నూనె వేసి, సన్నని సెగపై కాల్చిన ఆ రొట్టెకు సాటి యేది? పేరు తెలియకయే మన తల్లులు బ్రంచి పెట్టిరి.

‘అదంతయు సరియే, కాని ఆ పేటకు పిల్లలను తీసికొని పోగలమా?’ అందురు. ఇదియే అసలు రోగము. మనవారు నివాసము చెప్పవలసివచ్చినపుడు ‘గ్రాంట్ రోడ్’ అందురు, ‘ముంబయి సెంట్రల్’ అందురు. ‘కామాఠీపుర’ అను మాట మాత్రము నోట రాదు. ఆ పేరు ఎవరిది? నిజాము రాజ్యము నుండి వచ్చి, రాళ్లు మోసి, సున్నము గలిపి ఈ నగరమును నిలబెట్టిన కామాఠీలది, అనగా మన తాతలది. ఆంగ్లేయుల కాలమున కొన్ని గల్లీలలో నెలకొన్న వ్యాపారమును బట్టి పేట యంతటికి మచ్చ పూయుట అన్యాయము. దారిద్ర్యము వలన ఆ వృత్తిలో పడిన స్త్రీలను నిందించుట అంతకంటె అన్యాయము. ఆ గల్లీల ప్రక్కనే మన కుటుంబములు తరతరములుగా పిల్లలను పెంచి, చదివించి, పెండ్లిండ్లు చేసినవి గదా!

ఇతరులను చూడుడు. ఇరానీలు 1914లో గ్రాంట్ రోడ్ స్టేషను చెంత బి. మెర్వాన్ స్థాపించి మావా కేకుతో కీర్తి గడించిరి. దక్షిణ కన్నడము వారు మాటుంగాలో 1940లో కేఫే మద్రాసును, 1942లో రామ నాయక్ ఉడుపి భోజనశాలను నెలకొల్పగా, నగరమంతయు అచట వరుసకట్టెను. వారెవ్వరును తమ వంటను చూచి సిగ్గుపడలేదు. వారికంటె ఎంతో ముందు, 18వ శతాబ్దపు చివరనే వచ్చిన మనము సర్వపిండిని డబ్బాలో దాచుకొని తినుచున్నాము!

మేము గుమాస్తాగిరిలో జీవితము గడపినవారము. లెక్క చూడక మాటాడము. పెద్ద హోటలులో బ్రంచికి మనిషికి తరచు 2,000 రూపాయలు దాటును. అయిదుగురికి 10,000. అందులో సగము సొమ్ము కామాఠీపుర గృహిణుల చేతికి ముట్టజెప్పిన, ఇరువదిమంది కడుపునిండ తినవచ్చును. వారి శ్రమకు విలువయు దక్కును.

కాలయాపనకు తావు లేదు. మ్హాడా ద్వారా ఈ పేటను పడగొట్టి కొత్తగా కట్టు ప్రణాళిక సాగుచున్నది. మేడలు వచ్చుగాక, కారు చాళ్లలో మనవారు ఎన్నాళ్లు మ్రగ్గవలెను? కాని గల్లీ పోయిన పిదప గల్లీ వంటను వెదకిన దొరకదు. కావున మన సంఘమువారు నెలకొక ఆదివారము కామాఠీపురలోనే ఫలహారపు పంక్తి నడుపవలెను. వండువారు అచటి స్త్రీలే కావలెను, వారికి న్యాయమైన వెల ఈయవలెను. బోరివలి నుండి, కల్యాణ్ నుండి, నవీ ముంబయి నుండి పిల్లలతో రండు. ఆహ్వాన పత్రికపై చిరునామా ‘గ్రాంట్ రోడ్’ అని కాక, పెద్ద అక్షరములతో ‘కామాఠీపుర’ అని అచ్చువేయించుడు. తాతల పేరు వ్రాయుటకు సిగ్గుపడు సంఘము సంస్కృతిని గూర్చి సంచికలు వేయుట వృథా.